ఎగ్జానరేట్ అంటే బరువు దించడం

అబేస్, అబాష్, అబేట్, అబ్డికేట్. 1999లో హైదరాబాద్‌లో, అమెరికాలో పైచదువుల కోసం రాసే జీఆర్ఈ పరీక్షకి చదివేవాళ్లలో ఎవరిని నిద్రలో లేపి అడిగినా ఈ వరసలోనే అప్పజెప్పేవాళ్లు. మూడున్నర వేల మాటలున్న లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది, అందరి దగ్గరా అదే. కొత్తది కొనేవాళ్లు తక్కువ. కోఠీలో పాతది సగం ధరకే దొరికేది. ఏ పాత కాపీ తెరిచినా 'ఏ' అక్షరం పేజీలు నలిగిపోయి, నూనె మరకలతో, నాలుగు రంగుల గీతలతో ఉండేవి. 'సీ' దగ్గరికొచ్చేసరికి గీతలు పల్చబడేవి. 'ఎం' దాటాక పుస్తకం అత్తారింటికి వచ్చిన కొత్త కోడలిలా నలగకుండా కూర్చునేది.

నాదీ అదే పరిస్థితి. మాది మెదక్ జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగ్ ఎలాగో గట్టెక్కింది కానీ, రోజుకి వంద మాటలు బట్టీ పట్టు అంటే మాత్రం ఏడుపొచ్చేది. హాస్టల్ గదిలో నలుగురం. రాత్రి పదకొండు దాకా ఒకరినొకరు అడుగుకునేవాళ్లం. పొద్దున్న లేచేసరికి సగం పోయేవి.

కోచింగ్ హిమాయత్‌నగర్‌లో, ఒక మెడికల్ షాపు పైన. వర్బల్, అంటే ఇంగ్లీషు భాగం, చెప్పే సార్‌కి యాభై దాటి ఉంటాయి. గుంటూరు వైపు మనిషి, "ఏవమ్మా" అని పిలిచేవారు. మొదటి వారమే అందరి చేతా లావు పుస్తకం మూయించేశారు. "జాబితా బట్టీ పడితే పరీక్ష మర్నాటికి ఒక్కటీ మిగలదు. మాటని ఒక మనిషికి కట్టండి. అప్పుడు పొమ్మన్నా పోదు" అన్నారు. చెప్పి, స్టేపుల్ చేసిన జిరాక్స్ కాగితాలు పంచారు. టైప్ మిషన్ మీద కొట్టినవి. పైన ఇంగ్లీషులో శీర్షిక: సేలం, 1692.

వెనక బెంచీల నుంచి గొణుగుడు మొదలైంది. ఫీజు కట్టింది అనాలజీలకి, యాంటనిమ్స్‌కి. ఈ మంత్రగత్తెల కథలేంటి? నాకూ అలాగే అనిపించింది. కానీ అడిగే ధైర్యం లేదు, అడిగేంత ఇంగ్లీషూ లేదు.

కథ ఇదీ. అమెరికా ఇంకా దేశం కాని రోజులు. మసాచుసెట్స్‌లో సేలం అనే ఊళ్లో, చర్చి పాస్టర్ గారింట్లో ఇద్దరు ఆడపిల్లలకి ఏదో అయింది. ఒకరికి తొమ్మిదేళ్లు, ఒకరికి పదకొండు. అరవడం, మెలికలు తిరగడం, బల్లల కింద దూరడం. డాక్టరు చూసి ఎవరో మంత్రం పెట్టారన్నాడు. ఎవరు పెట్టారని పిల్లల్ని నిలదీస్తే ముగ్గురి పేర్లు చెప్పారు. ఒకావిడ ఆ ఇంట్లోనే బానిస. ఇంకొకావిడ గడప గడపా తిరిగి అడుక్కునేది. మూడో ఆవిడ చర్చికి సరిగా రాదు. అక్కడ సార్ ఆగి, "చూశారా, ఎవరికి ఎవరూ లేరో వాళ్లే ముందు" అని బోర్డు మీద ఒక మాట రాశారు. స్కేప్‌గోట్.

మేమంతా నోట్సులో 'బలిపశువు' అని రాసుకున్నాం. సార్ ఒప్పుకోలేదు. బైబిల్లో ప్రాయశ్చిత్త దినాన రెండు మేకల్ని తెస్తారట. ఒకదాన్ని బలిస్తారు. రెండోదాని నెత్తి మీద చెయ్యి పెట్టి, అందరి పాపాలూ దానికి అప్పగించి, అడివిలోకి తోలేస్తారు. స్కేప్‌గోట్ ఆ రెండోది. 1530లో విలియం టిండేల్ బైబిల్‌ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు దానికోసం కట్టిన మాట. "బలిపశువుకి ఒక్క వేటుతో అయిపోతుంది. దీన్ని చంపరు, ఊళ్లో ఉండనివ్వరు." ఆ తేడా తెలుగులో ఒక్క మాటలో ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ కట్టలో నాకు బాగా నచ్చింది స్పెక్ట్రల్ ఎవిడెన్స్. ఎలక్ట్రానిక్స్ పిల్లని కదా, స్పెక్ట్రల్ అంటే నాకు తెలిసింది సిగ్నల్స్ పేపర్లో స్పెక్ట్రల్ డెన్సిటీ, ఆ సబ్జెక్టులో నాకొచ్చిన నలభై రెండు మార్కులు. సేలంలో దాని అర్థం వేరు. "ఫలానా ఆవిడ ఆకారం రాత్రి వచ్చి నా గుండెల మీద కూర్చుంది" అని ఎవరైనా చెబితే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకునేది. ఆ రాత్రి ఆమె నా పక్కనే పడుకుని ఉంది మహాప్రభో అని మొగుడు మొత్తుకున్నా లాభం లేదు. వచ్చింది మనిషి కాదు కదా, ఆకారం. దీనికి జవాబు ఏం చెప్పగలరు? క్లాసులో మేం పదిహేను నిమిషాలు వాదించుకున్నాం. రెఫ్యూట్, రిబట్, రెఫ్యుటబుల్, ఇర్రెఫ్యుటబుల్ అన్నీ ఆ వాదనలోనే వచ్చేశాయి. ఎవరూ బట్టీ పట్టలేదు.

నూటయాభై మందికి పైగా మీద నేరం మోపారు. పందొమ్మిది మందిని ఉరి తీశారు, వాళ్లలో పద్నాలుగు మంది ఆడవాళ్లు. ఒక విచిత్రం ఉంది. "అవును, నేను మంత్రగత్తెనే" అని ఒప్పుకున్నవాళ్లని ఉరి తియ్యలేదు. కాదు మొర్రో అన్నవాళ్లే చచ్చారు. మార్గరెట్ జేకబ్స్ అని పదహారు పదిహేడేళ్ల పిల్ల భయపడి ఒప్పేసుకుంది, సొంత తాతని కూడా ఇరికించింది. తర్వాత మనసు ఒప్పక, నేను చెప్పిందంతా అబద్ధమని వెనక్కి తీసుకుంది. దాన్ని రికాంట్ అంటారు. ఆ తాతని ఉరి తీశారు. పిల్ల ఎలాగో బతికింది. ఆ రాత్రి హాస్టల్లో రికాంట్ అంటే ఏంటని నా రూమ్మేట్ అడిగితే అర్థం చెప్పలేదు, కథంతా చెప్పాను. అది విని, "కన్ఫెస్ అంటే బతకడం, రికాంట్ అంటే చావడానికి తయారవడం, అంతేనా?" అంది. డిక్షనరీలో అలా లేదు. కానీ అంతే.

మర్నాడు క్లాసుకి వెళ్లేసరికి బోర్డు మీద తెలుగులో రాసి ఉంది: మౌనం అర్ధాంగీకారం.

"ఇది నిజమేనా?" అన్నారు సార్. పెళ్లిచూపుల సంగతులే గుర్తొచ్చి అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. రెబెకా నర్స్ సంగతి చెప్పారు. 71 ఏళ్ల ముసలమ్మ. మంచిదని పేరు. ఆమె తరఫున 39 మంది ఇరుగుపొరుగువాళ్లు సంతకాలు పెట్టారు, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. జ్యూరీ నిర్దోషి అనేసింది కూడా. అది వినగానే కోర్టులో గగ్గోలు లేచింది. పెద్ద జడ్జి, అంతకుముందు ఆమె అన్న ఒక మాట గుర్తు చేసి మళ్లీ ఆలోచించమన్నాడు. ఆ మాటకి అర్థమేంటని జ్యూరీ ఆమెనే అడిగింది. ఆమె పలకలేదు. పలకలేదు కాబట్టి దోషి. తర్వాత ఆమె చెప్పుకున్న సంజాయిషీ ఏమిటంటే, నాకు చెవుడు, పైగా దుఃఖంలో ఉన్నాను, అడిగింది వినపడలేదు. 1692 జూలై 19న ఉరి తీశారు.

రెండో మౌనం గైల్స్ కోరీది. ఎనభై ఏళ్లు పైబడిన రైతు. నేరం చేశావా లేదా అని అడిగితే నోరు విప్పనన్నాడు. కోర్టు అడిగిన దానికి అవుననో కాదనో చెప్పందే విచారణ ముందుకు సాగదు. చెప్పించడానికని నేల మీద పడుకోబెట్టి, పైన పలక వేసి, దాని మీద ఒక్కో రాయీ పేర్చుకుంటూ పోయారు. రెండు రోజులు. చివరిదాకా అతను అన్నది "ఇంకా బరువు పెట్టండి" అని ఒక్కటేనని చెప్పుకుంటారు. అలాగే పోయాడు.

సార్ కాసేపు ఆగి బోర్డు మీద ఎగ్జానరేట్ అని రాశారు. నిర్దోషి అని తేల్చడం. "లాటిన్లో ఓనస్ అంటే ఏంటో తెలుసా? బరువు. ఎగ్జానరేట్ అంటే బరువు దించడం."

ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాన్ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట ఎక్కడ కనిపించినా నా ఛాతీ మీద ఎవరో చెయ్యి వేసి తీసినట్టుంటుంది.

రెండో కట్ట అమెరికా సెనేటర్ మెకార్తీది. అది మాకు కాస్త తేలిగ్గా ఉంది, ఎందుకంటే రాజకీయ నాయకులు మనకి తెలిసినవాళ్లే. 1950 ఫిబ్రవరి 9న వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో ఈ సెనేటర్ ఒక సభలో మాట్లాడుతూ, విదేశాంగ శాఖలో ఉన్న కమ్యూనిస్టుల జాబితా నా దగ్గరుంది అన్నాడు. 205 మంది అన్నాడని వార్త. కొన్నాళ్లకే 57 అన్నాడు. సెనేట్‌లో నిలబడి 81 అన్నాడు. మా బ్యాచ్‌లో ఒక వరంగల్ అబ్బాయి, "మా సర్పంచ్ బోర్ల లెక్క కూడా ఇట్లనే ఉంటది సార్" అన్నాడు. అలెజ్, ఇన్సిన్యుయేట్, ఇన్యుయెండో, డెమగాగ్ ఆ పూటే వచ్చేశాయి.

ఆ రోజుల్లో విచారణ కమిటీల ముందు కొందరు రాజ్యాంగంలో ఐదో సవరణ చెప్పి జవాబు ఇవ్వనన్నారు. నాకు వ్యతిరేకంగా నా చేతే సాక్ష్యం చెప్పించకూడదన్నది ఆ సవరణ ఇచ్చిన హక్కు. హక్కు వాడుకున్నందుకు వాళ్లకి 'ఫిఫ్త్ అమెండ్‌మెంట్ కమ్యూనిస్టులు' అని పేరు పెట్టాడు మెకార్తీ. సార్ చేత్తో బోర్డు వైపు చూపించారు. అర్ధాంగీకారం అక్షరాలు ఇంకా చెరపలేదు.

కమ్యూనిస్టులన్న అనుమానంతో పని ఇవ్వకుండా పక్కన పెట్టిన సినిమావాళ్ల బ్లాక్‌లిస్ట్ మాత్రం మాకు గొప్ప కాలక్షేపం. డాల్టన్ ట్రంబో అనే రచయిత జైలుకి వెళ్లొచ్చాడు, పేరు పెట్టుకుని రాసే వీల్లేదు, కాబట్టి దొంగ పేర్లతో రాసి పంపేవాడు. 1957లో ఆ దొంగ పేర్లలో ఒకటైన రాబర్ట్ రిచ్‌కి ఆస్కార్ వచ్చింది. స్టేజి మీదికి రమ్మంటే ఎక్కడ దొరుకుతాడు, అలాంటి రచయితే లేడు. ఆ బొమ్మ ట్రంబో చేతికొచ్చింది 1975లో. స్యూడోనిమ్‌కి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తర్వాత ఎక్కడా దొరకలేదు.

సెన్షూర్, సెన్సార్ తేడా దగ్గర మాత్రం నేను పరువు పోగొట్టుకున్నాను. సార్ అడిగితే లేచి, 1954 డిసెంబర్ 2న సెనేట్ 67–22 ఓట్లతో మెకార్తీని సెన్సార్ చేసిందని చెప్పాను. "ఏవమ్మా, ఏ సీను కట్ చేశారు? ఏ సర్టిఫికెట్ ఇచ్చారు?" అన్నారు సార్. క్లాసంతా గొల్లుమంది. సెన్షూర్ అంటే అభిశంసన. ఇంకో తమాషా, అందరూ సెన్షూర్ అంటారు గానీ చివరికి ఆ తీర్మానంలో వాడిన మాట కండెమ్. ఇంత నవ్వుల పాలయ్యాక ఈ మూడు మాటలూ నా బుర్రలోంచి పోతాయా?

ఇంకో చిక్కు డీసెంట్, డిసెంట్. మా తెలుగు చెవులకి రెండూ ఒకటే. 1954 జూన్‌లో సైన్యం తరఫు లాయర్ జోసెఫ్ వెల్చ్, టీవీ కెమెరాల ముందు మెకార్తీని నీకసలు డీసెన్సీ లేదా అని అడిగేశాడు. అక్కడి నుంచి మెకార్తీ పని అయిపోయింది. అది మొదటిది. రెండోదానికి సార్ అమెరికా వదిలేసి మన దేశానికి వచ్చారు. 1976 ఏప్రిల్, ఎమర్జెన్సీ. విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద లోపల వేసినవాళ్లకి కోర్టుకెళ్లి నన్నెందుకు పట్టుకున్నారని అడిగే హక్కు ఉందా లేదా అన్న కేసు. సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలు. నలుగురు లేదన్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఉందన్నారు. అది డిసెంట్. మరుసటి ఏడాది చీఫ్ జస్టిస్ కావలసిన వరస ఆయనది, ఆయన్ని దాటి వేరేవాళ్లకి ఇచ్చారు.

డిటైన్ అన్న మాటని మాత్రం సార్ బోర్డు మీద రాయలేదు. "ఇది నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది" అని పేజీ తిప్పేశారు. ఎమర్జెన్సీలో ఆయన కొన్ని నెలలు లోపల ఉన్నారని తర్వాత ఎవరో చెప్పారు. మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇక ఆస్ట్రసైజ్. మూలం ఆస్ట్రకాన్, అంటే కుండ పెంకు. ఏథెన్స్‌లో జనం ఒక చోట చేరి, ఊళ్లోంచి ఎవరిని పంపెయ్యాలో కుండ పెంకు మీద పేరు గీకి వేసేవాళ్లు. ఆరు వేల ఓట్లు పడాలి. పంపేస్తే పదేళ్లు. అరిస్టైడిస్ అనే పెద్దమనిషి దగ్గరికి ఒక చదువురాని రైతు వచ్చి, ఎవరో తెలీక, అరిస్టైడిస్ పేరు గీకిపెట్టు బాబూ అన్నాడట. అతను నీకేం చేశాడని అడిగితే, ఏమీ చెయ్యలేదు, ఎక్కడ విన్నా న్యాయవంతుడు న్యాయవంతుడు అంటుంటే విసుగొచ్చింది అన్నాడట. ఇతను మాట్లాడకుండా తన పేరు తనే గీకిచ్చాడని ప్లూటార్క్ రాశాడు.

"ఏవమ్మా, ఆస్ట్రసైజ్‌తో ఒక వాక్యం" అన్నారు సార్ నన్ను చూసి.

లేచాను. ఊరివాళ్లు ఒక ముసలామెని ఆస్ట్రసైజ్ చేశారు అని ఇంగ్లీషులో అన్నాను. ఆ పూటకి అదే తప్పుల్లేని వాక్యం.

"గుడ్. ఎందుకు?"

"తెలీదు సార్."

నాకు తెలుసు.

మా ఊళ్లో, చెరువు కట్టకి పోయే తోవలో ఒక అవ్వ ఉండేది. ఒక్కతే. ఇంటి వెనక నాలుగు సీతాఫలం చెట్లు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా వాడకట్టులో ఒకరింట్లో బర్రె పాలివ్వడం మానేసింది. ఇంకొకరింట్లో పిల్లగాడికి జ్వరం తగ్గలేదు. ఒక రాత్రి ఎవరింటి మీదో రాళ్లు పడ్డాయన్నారు. బాణామతి అన్నారు. చేసింది ఎవరు? ఎవరూ పేరు చెప్పలేదు. 'గామె' అన్నారు. అందరికీ అర్థమైంది. నిప్పు లేంది పొగ రాదు అన్నారు. ఒకామె, కలలోకి వచ్చి కూసుంది అని మా అమ్మతో చెప్తుంటే నా చెవులతో విన్నాను. స్పెక్ట్రల్ ఎవిడెన్స్ నాకెందుకంత నచ్చిందో క్లాసులో కూర్చున్నప్పుడు తెలియలేదు. ఈ వాక్యం చెప్పి నిలబడ్డప్పుడు తెలిసింది.

మా జిల్లాలో ఇలాంటి అనుమానం మీద మనుషుల పళ్లు పీకిన ఊళ్లున్నాయి. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని నమ్మకం. సేలంలో నోరు విప్పనందుకు రాళ్లు పెట్టారు, మా దగ్గర నోరు పలకకుండా చేసేవాళ్లు. మా ఊళ్లో అంత దాకా పోలేదు. ఆమెతో మాట్లాడటం మానేశారు, అంతే. మంగలి, చాకలి రావద్దన్నారు. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్లు బిందెలు వెనక్కి తీసుకునేవాళ్లు. "గామె ఇంటి దిక్కు పోకు, ఏమిచ్చినా తినకు" అంది మా అమ్మ.

ఒకరోజు బడి నుంచి వస్తుంటే పిలిచింది. "బిడ్డా, ఇగో తీస్కో" అని రెండు సీతాఫలాలు చేతిలో పెట్టింది. మెత్తగా పండినవి. నేను తీసుకున్నాను, వద్దనడానికి భయమేసింది. పది అడుగులు వేసి పెంటకుప్ప మీద పారేశాను. తినాలని ఉంది కూడా. వెనక్కి తిరిగితే ఆమె గడపలోనే నిలబడి చూస్తోంది. ఏమీ అనలేదు.

ఆ చలికాలం దాటాక ఆమె కనపడలేదు. ఎటో చుట్టాలింటికి పోయిందన్నారు. బర్రె మళ్లీ పాలిచ్చిందో లేదో నాకు గుర్తులేదు.

పరీక్షలో సార్ నేర్పిన మాటల్లో వచ్చినవి రెండో మూడో. స్కోరు కూడా చెప్పుకునేంత గొప్పది కాదు, సీటు రావడానికి సరిపోయింది. విమానం ఎక్కేముందు సార్‌కి చెప్పి వద్దామని వెళ్తే ఆయన ఆ కోచింగ్ మానేశారన్నారు. జిరాక్స్ కట్టలు అమెరికాలో మూడు ఊళ్లు నాతో తిరిగాయి. ఒక ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయాయి.

ఇప్పుడు మేముండేది బోస్టన్‌కి గంట దూరం. 2022లో మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఆ వేసవిలో ఇక్కడ పేపర్లో ఒక వార్త వచ్చింది. సేలం కేసుల్లో శిక్ష పడ్డ ఎలిజబెత్ జాన్సన్ జూనియర్ అనే ఆవిడ పేరు ఇన్నేళ్లూ ఏ క్షమాపణ జాబితాలోనూ చేరలేదట. ఉరి తప్పింది గానీ దోషిగానే మిగిలిపోయింది. శిక్ష పడ్డప్పుడు ఆమెకి 22 ఏళ్లు. నార్త్ యాండోవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలూ వాళ్ల టీచరూ వెంటపడి చట్టం చేయించారు. 329 ఏళ్ల తర్వాత ఎగ్జానరేట్ అయింది. పేపర్లో ఆ మాటే వాడారు. వంటింట్లో నిలబడి చదువుతూ ఓనస్, ఓనస్ అని పైకే అన్నాను. మా ఆయన ఏంటని చూశాడు.

అక్టోబర్లో అమ్మాయిని తీసుకుని సేలం వెళ్లాను. అదో జాతర. అందరి నెత్తినా నల్ల కోను టోపీలు, పోలీసుల బ్యాడ్జీ మీద కూడా చీపురెక్కిన మంత్రగత్తె. ఉరి తీసిన ఊరు వాళ్ల బొమ్మ పెట్టుకుని వ్యాపారం చేసుకుంటోందని ఒళ్లు మండింది. తర్వాత మా అమ్మాయితో పాటు నేనూ క్యూలో నిలబడి ఐస్‌క్రీం కొనుక్కున్నాననుకోండి, అది వేరే సంగతి.

పాత శ్మశానం పక్కన స్మారకం ఉంది. 1992లో కట్టారు. అక్కడికి పోతే గోల తగ్గుతుంది. రాతి గోడలోంచి ఇరవై రాతి బల్లలు బయటికొచ్చి ఉంటాయి. ఒక్కోదాని మీద పేరు, ఎలా చంపారో, తేదీ. లోపలికి అడుగుపెట్టే చోట నేల మీది రాళ్లలో వాళ్లు తాము నిర్దోషులమని మొరపెట్టుకున్న మాటలు చెక్కారు. గోడ అడ్డొచ్చి ఆ మాటలు మధ్యలోనే తెగిపోతాయి.

కోరీ బల్ల మీద ఎవరో పూలు పెట్టారు. మా అమ్మాయి అన్నీ చదువుకుంటూ వచ్చి, "ఇలాంటివి ఇండియాలో కూడా అయ్యాయా?" అంది. దానికి తెలుగు అంతంత మాత్రం, అర్థమవుతుంది, మాట్లాడదు. అవ్వ సంగతి తెలుగులోనే చెప్పాను. వెలి అన్నాను. "వెలి అంటే?" అంది. బిందెలు వెనక్కి తీసుకోవడం చెప్పాను. బోరింగు అంటే ఏంటో చెప్పాల్సొచ్చింది. సీతాఫలాలు చెప్పాను, పెంటకుప్ప చెప్పాను. అది చాలాసేపు ఏమీ అనలేదు. కారెక్కాక, "వెలి" అని ఒకసారి నోట్లో అనుకుంది. తర్వాత "ఆమె పేరేంటి?" అంది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను, అక్కడ పొద్దున. చెరువు కట్ట తోవలో సీతాఫలం చెట్ల అవ్వ గుర్తుందా అని అడిగాను. ఉందంది. ఆమె పేరేంటమ్మా అన్నాను.

ఫోన్లో కాసేపు ఏమీ వినపడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"పేరా?" అంది అమ్మ. "ఏమో బిడ్డా. గామె అనేటోళ్లం గద."